అమ్మవారిని కుడిపక్కన పెట్టుకున్న రేసు ట్రాకు

మోటారు రేసుల ట్రాకు గీసినవాళ్ళు మన దేశం మొత్తం మీద వేళ్ళమీద లెక్కపెట్టేంత మందే ఉంటారు. వాళ్ళలో నేనొకణ్ణి. నేను గీసిన ట్రాకు చూడడానికి జర్మనీ నుంచి, జపాన్ నుంచి ఇంజనీర్లు వచ్చి, చేతులు కట్టుకుని నిలబడి, ‘ఈ వంపు మీకెలా తట్టిందండీ?’ అని అడిగారు.

జర్మనీ వాళ్ళు రాలేదు. జపాన్ వాళ్ళూ రాలేదు. విశాఖపట్నం నుంచి ఒకాయన వచ్చాడు. ఆయన ఇంజనీరు కాదు, టైర్ల ఏజెంటు. ఆయన అడిగింది కూడా వంపు గురించి కాదు, మంచినీళ్ళు ఎక్కడ దొరుకుతాయని. అయితే ట్రాకు మాత్రం నిజం, వంపు కూడా నిజం. ఇప్పుడు ఉద్యోగాల్లో చేరుతున్న పిల్లలు పనంటే ప్లాను, ప్లానంటే కంప్యూటరు అనుకుంటున్నారు కాబట్టి, ఒక పని ప్లాను లేకుండా, కంప్యూటరు లేకుండా, చివరికి మెలకువ కూడా లేకుండా ఎలా జరిగిందో రాసిపెడదామనిపించింది.

నా సర్వీసంతా రోడ్ల మీదే గడిచింది. రోలరు వెనక నీళ్ళు కొట్టే కూలీగా చేరి, వర్క్ ఇన్‌స్పెక్టరుగా దిగాను. రోలరు మనిషి నడక కన్నా నెమ్మదిగా పోతుంది. ఇనుప చక్రానికి తారు అంటుకోకుండా దాని వెనకే నడుస్తూ డబ్బాతో నీళ్ళు చల్లాలి. ఎండాకాలం మధ్యాహ్నం, కింద వేడి తారు, చెవుల్లో ఒకటే మోత. కొన్నాళ్ళకి అందరికీ ఒక విద్య అబ్బుతుంది: నడుస్తూ నిద్రపోవడం. కాళ్ళు నడుస్తాయి, చెయ్యి నీళ్ళు చల్లుతుంది, మనిషి మాత్రం ఎక్కడో చల్లటి చోట ఉంటాడు. నా పెళ్ళి చూపుల సంగతులు, నాకు రాని ప్రమోషన్లు, నేను చూడని కాశ్మీరు, అన్నీ రోలరు వెనకే చూశాను. ఈ విద్యలో నన్ను మించినవాడు ఉత్తరాంధ్రలో లేడు. ఇది గొప్ప కాదు, నిజం.

రిటైరయ్యాక ఇంట్లో కుదురుగా ఉండలేక తిరుగుతున్న రోజుల్లో చిన్న షావుకారు పిలిచాడు. బొబ్బిలి నుంచి రాజాం పోయే దారికి కాస్త లోపలగా వాళ్ళకో గోగునార మిల్లుండేది. తండ్రి మిల్లు చూసేవాడు, కొడుకు మోటారు సైకిళ్ళు చూసేవాడు. మిల్లు పక్కన నార ఆరబెట్టే పెద్ద మైదానం, ఎర్రమట్టి. గోగు పండించేవాళ్ళు తగ్గిపోయి, నార రావడం తగ్గిపోయి, ఆ నేల ఊరికే పడి ఉంది. అయినా ఎండ ఎక్కేసరికి పాత నార వాసన నేలలోంచి లేచేది. మైదానం ఆ చివర ఎండమావి నీళ్ళలా మెరిసేది. అక్కడ నిలబడితే ఏ పనైనా సగం కలలో చేస్తున్నట్టే ఉండేది.

“మావయ్యగారూ, ఇక్కడ రేసులు పెడదాం. దారి మీరు వెయ్యండి,” అన్నాడు చిన్న షావుకారు. రెండు వేల పది దాటిన కొత్తలో మాట. నేను వెంటనే ఒప్పుకున్నాను. ‘సర్క్యూట్ సూపరింటెండెంట్’ అని నాకు నేనే పేరు పెట్టుకున్నాను. ఆ పేరుతో నన్ను ఎవరూ పిలవలేదు.

మొదటి ఏడాది అది ట్రాకు కాదు, గీత. ఈ చివర నుంచి ఆ చివరకి పోయి, అక్కడున్న తారు డ్రమ్ము చుట్టూ తిరిగి రావడం. పోయేవాళ్ళకి వచ్చేవాళ్ళు ఎదురు. అన్నిటికన్నా ఎక్కువసార్లు పడింది డ్రమ్మే. రెండో ఏడు గీత లావెక్కి కోడిగుడ్డు అయింది. ఆ తరవాత గుమ్మడిపాదు పాకినట్టు పాకింది. ఒక పక్క తాటిచెట్ల దాకా, ఒక పక్క వాలు దిగి గెడ్డ దాకా. గెడ్డంటే మా వైపు వాగు. వానల్లో పారుతుంది, మిగతా కాలం బురదలో గేదెలు పడుకుంటాయి. మూడో పక్క మా ఊరి పొలిమేర దాకా పాకింది. ఆ పొలిమేరలో అమ్మవారి రాయి ఉంది. పసుపు రాసి, బొట్లు పెట్టిన నిలువు రాయి. ట్రాకు పాకి పాకి ఆ రాయిని కడుపులో పెట్టుకుంది. నేను గమనించలేదు. గమనించాను. రాయిని కదపలేదు కదా అనుకున్నాను.

బళ్ళన్నీ ఎడమ చేతి వైపు తిరిగేవి. ఎందుకలా అంటే, పరుగు పందేల్లో ఎడమకే తిరుగుతారని మాకు చెప్పింది గార్డు బావ కూతురు.

గార్డు బావ గురించి చెప్పాలి. నాకు చుట్టం కాదు. వాళ్ళు తాతల నాటి నుంచి బాప్టిస్టు చర్చి వాళ్ళు, మేం అమ్మవారికి కోళ్ళు కోసేవాళ్ళం. కానీ ఒకే వీధిలో పెరిగి ఒకరినొకరం బావా అనుకోవడం మాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఉంది. గూడ్సు రైళ్ళ మీద గార్డుగా చేసి, నాలాగే ఖాళీ అయ్యాడు. రేసుకి జెండాలూపే మనిషి కావాలనగానే నేను అతని పేరు చెప్పాను. ఎర్ర జెండా, పచ్చ జెండా ఇంట్లోనే ఉన్నాయి. రేసుల్లో ఇంకో జెండా కూడా ఉంటుంది, పసుపుది. ముందర ఎవరో పడ్డారు, నెమ్మదించండి, ఎవరూ ఎవర్నీ దాటొద్దని దాని అర్థం. అది రైల్వేలో తనకి ఇవ్వలేదని గార్డు బావ దిగులుపడితే, వాళ్ళావిడ పొందూరు ఖద్దరు కండువా ఒకటి పసుపు నీళ్ళలో ముంచి ఆరేసి ఇచ్చింది.

వాళ్ళమ్మాయి మిషన్ స్కూల్లో డ్రిల్లు టీచరు. తండ్రి పాత బుల్లెట్ మీద నేర్చుకుని, మా మైదానంలో మగపిల్లల బళ్ళు అడిగి తీసుకుని తిప్పుతూ, చివరికి ఒక సెకండ్ హ్యాండ్ రేసు బండి కొనుక్కుంది. తమిళనాడులో ఎక్కడో రేసు బళ్ళు నడపడం నేర్పే బడి ఉందట. అందులో చేరాలని ఆమె ఆశ. వద్దని తండ్రి. ఇంట్లో నెలల తరబడి పోట్లాట. చివరికి గార్డు బావ నా ముందే తీర్మానం చేశాడు.

“ఒకే ఒక్క రేసు. మన ట్రాకు మీద. మొదటి ముగ్గుర్లో వస్తే పంపుతాను. రాకపోతే బండి అమ్మేసి, నోరు మూసుకోని పిల్లల సేత డ్రిల్లు సేయించుకో.”

“మాట తప్పవు కదా?” అంది ఆ పిల్ల.

“గార్డునే నాను. సిగ్నలు మారస్తానేటి?”

ఆ ఏడాదంతా ఆమె బడి వదలగానే వచ్చేది. సాయంత్రపు ఎండలో ఎర్రదుమ్ము బంగారు పొడిలా లేస్తుంటే, అందులోంచి ఆమె బండి శబ్దం ముందు వచ్చేది, మనిషి తరవాత. ఏ వంపు దగ్గర ఎంత నెమ్మదించాలో ఆమె ఒంటికి పట్టేసింది. నేను తాటిచెట్టు కింద కూర్చుని చూస్తూ, ఈ వంపులన్నీ నేనే చెక్కాను కదా అని మురిసిపోయేవాణ్ణి. చెక్కింది ట్రాక్టరు.

రేసు ఇంకో వారంలో ఉందనగా ఊళ్ళోంచి మనుషులొచ్చారు. ముందు నడిచింది అమ్మవారికి దీపం పెట్టే ఆవిడ. ఊరందరికీ ఆవిడ ‘అప్ప’, అంటే అక్క. పెద్ద వయసు, పెద్ద గొంతు.

“ఏటి బాబూ ఇది?” అని చిన్న షావుకారుని నిలేసింది. “అమ్మ సుట్టూ ఎడమ పక్కగా తిరుగుతన్నారు. సవం సుట్టూ తిరుగుతారు అలగ. మాయమ్మ సచ్చిపోనాదేటి?”

ఆవిడ అన్నది నిజమే. గుళ్ళో ప్రదక్షిణ కుడి చేతి మీదుగా. ఎడమ చేతి మీదుగా తిరిగేది శ్మశానంలోనే. చిన్నప్పుడు మా అమ్మ ఆ రాయి దాటేటప్పుడల్లా నా జబ్బ పట్టుకుని, రాయి కుడి పక్కన పడేలా తిప్పి నడిపించేది. మర్చిపోతే వీపు మీద పడేది. అలాంటివాణ్ణి నేనే ఏడాది పొడుగునా ఆవిడ చుట్టూ బళ్ళు తప్పుడు చేతి మీద తిప్పించాను.

చిన్న షావుకారు కూడా భయస్తుడే. “తప్పే అప్పా. కుడికి తిప్పేస్తాం,” అన్నాడు.

“అదేముంది, బాణం గుర్తులు తిప్పేస్తే సరి!” అన్నాను నేను, పెద్ద అనుభవజ్ఞుడిలా.

పిల్లలూ, మీ సర్వీసులో ‘అదేముంది’ అన్న మాట ఎప్పుడైనా నోట్లోకి వస్తే మింగెయ్యండి. ట్రాకు గాజు కాదు, ఏ చేతికైనా పట్టడానికి. ఎడమకి తిరిగేటప్పుడు బళ్ళు గెడ్డ దగ్గరికి నెమ్మదిగా వచ్చి, అక్కణ్ణుంచి వాలు ఎక్కేవి. కుడికి తిప్పేసరికి ఆ వాలే దిగుడైంది. పూర్తి వేగంతో దిగి వచ్చేవాడికి ఎదురుగా గెడ్డ. పడేవాళ్ళ కోసం మేం గడ్డిమోపులు పేర్చింది ఒక పక్క, ఇప్పుడు పడేది ఇంకో పక్క.

ఆ సంగతి అప్పుడు ఎవరికీ తట్టలేదు. మర్నాడు ముందుగా తిరిగి చూస్తానని గార్డు బావ కూతురు బయల్దేరింది. దిగుడులో బండి శబ్దం సన్నగా, ఇంకా సన్నగా అయింది. తరవాత శబ్దమే లేదు. గెడ్డలోంచి గేదెలు ఒక్కసారిగా లేచి గట్టెక్కాయి.

గార్డు బావ గొడుగు పారేసి పరిగెత్తాడు. అతను పరిగెత్తడం నేను అంతకుముందు చూడలేదు. మేం వెళ్ళేసరికి ఆ పిల్ల నడుములోతు బురదలో నిలబడి హెల్మెట్టు తీస్తోంది. కళ్ళు మాత్రమే తెల్లగా ఉన్నాయి.

“నాన్నా, నాకేటీ అవ్వలేదు.”

“నీకేటీ అవ్వలేదు,” అన్నాడు గార్డు బావ ఆయాసపడుతూ. “నాకయ్యింది.”

గట్టు మీద కూలబడ్డాడు. తరవాత నావైపు తిరిగి, “బావా, మా ఏసయ్య ఎటు తిరిగినా ఏటీ అనడు. నాకు ఎడమా కుడీ పట్టింపు లేదు. కానీ ఈ దిగుడులోకి నా పిల్లని దింపను. పాతలాగ తిరిగితే ఆడతాది. లేకపోతే రేసు లేదు, బడి లేదు, ఇక్కడితో సరి,” అన్నాడు.

పాతలా తిరిగితే ఊరు ఊరుకోదు. కొత్తగా తిరిగితే గార్డు బావ ఊరుకోడు. ఒక్క అతనేమిటి, ఆ గెడ్డ చూశాక కుర్రాళ్ళు కూడా జంకారు. చిన్న షావుకారు మొదటి ఏటి తారు డ్రమ్ము మీద కూర్చుని తల పట్టుకున్నాడు.

“పోనీ, అమ్మవారిని బయటకి వదిలేసి ఆ మూల కోసేద్దామా?” అన్నాను.

“కోస్తే పొడవు చాలదు మావయ్యా. ట్రాకు చూడడానికి వచ్చే మోటారు క్లబ్బు వాళ్ళు ఒప్పుకోరు.”

ఆ పిల్ల మాత్రం పంపు కింద బండి కడుక్కుంటూ ఉంది. ఏడ్చినా బాగుండేది.

ఇక్కడి నుంచి జరిగింది నేను ఇప్పటికి చాలామందికి చెప్పాను. ఆ మధ్యాహ్నం తాటిచెట్టు కింద కునుకు పడితే, కల్లోకి అమ్మవారు వచ్చారు. ఎర్ర చీర, కాళ్ళకి గజ్జెలు. ‘లేరా, దారి చూపిస్తాను’ అని నా చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి, తన చుట్టూ తానే వేలితో గీత గీసి చూపించారు. మెలకువ వచ్చి చూస్తే నేల మీద నిజంగానే తెల్లటి గీత!

ఇలా చెబితే విన్నవాళ్ళు దణ్ణం పెట్టుకునేవాళ్ళు. కొందరు నాకే పెట్టేవాళ్ళు. నేను ఒద్దనలేదు.

జరిగింది ఇది. ఏం చెయ్యాలో తోచక, చేతులు ఊరికే ఉండలేక, ట్రాకు అంచుకి సున్నం గీత కొట్టడానికి వెళ్ళాను. ఎటు తిరిగినా గీత గీతే కదా. సముద్రం పక్కనుంచి, భావనపాడు వైపు నుంచి తెప్పించిన గుల్లసున్నం. అడుగున చిల్లులు పొడిచిన కిరసనాయిలు డబ్బాలో పోసి, ఊపుకుంటూ నడిస్తే తెల్లగా రాలుతుంది. ఊరి పక్క అంచు వెంబడి, ట్రాకు ఎడమకి తిరిగే పాత దారినే నడుస్తున్నాను. నడినెత్తిన ఎండ. గాలి లేదు. పాత నార వాసన. డబ్బా ఊగే చప్పుడు. రోలరు లేకపోయినా నా చెవుల్లో రోలరు మొదలైంది. అంతే, నా విద్య నన్ను కమ్మేసింది.

ఏదో చల్లటి చోటికి వెళ్ళాను. అక్కడ ఎవరో నా జబ్బ పట్టుకున్నారు. గాజుల చెయ్యి. అంతకుమించి నాకేమీ తెలియదు.

మెలకువ వచ్చేసరికి డబ్బా ఖాళీ. వెనక్కి తిరిగి చూశాను. నేను కొట్టాల్సిన గీత అమ్మవారి రాయికి అవతల పక్కనుంచి, అంటే రాయి నా ఎడమ చేతి మీద పడేలా, తిన్నగా పోవాలి. నేను కొట్టిన గీత రాయి దగ్గరికి వచ్చేసరికి మైదానం లోపలికి తిరిగి, రాయి వెనకనుంచి చుట్టుకుని, మళ్ళీ బయటికొచ్చి తన దారిలో తాను పోయింది. గుర్రపు లాడంలా ఉంది. రాయి నా కుడి చేతి మీదే ఉండిపోయింది. మా అమ్మ పోయి ఎన్నో ఏళ్ళయినా, నిద్రలో నా కాళ్ళకి ఆవిడ భయం పోలేదు.

దూరంగా గొడుగు కింద గార్డు బావ కూర్చుని ఉన్నాడు. పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. పొద్దుటి నుంచి అతని మొహంలో నవ్వు అదే మొదలు.

“నిద్దర్లో నడుస్తన్నావు బావా!”

“మరి లేపొద్దేటి?”

“రైలు పట్టా తప్పితే ఆపుతాను గానీ, మనిషి తప్పితే ఆపడమెందుకు? ఎంత దూరం ఎల్తావో సూద్దామనుకున్నాను.”

మా మాటలకి ఆ పిల్ల బండి తోసుకుంటూ వచ్చింది. గీత చూసింది. బండెక్కి, నెమ్మదిగా గీత వెంబడి పోయింది: ఎడమకి వంగి లోపలికి, అమ్మవారి వెనకనుంచి కుడికి పొడుగ్గా తిరిగి, మళ్ళీ ఎడమకి వంగి బయటికి. ఇంకోసారి, ఇంకాస్త వేగంగా. మూడోసారి వచ్చి నా ముందు ఆగింది.

“మావా, పొడవు తగ్గలేదు. పెరిగింది. గెడ్డ దగ్గర పాతలాగే తిరగొచ్చు. అమ్మవారు ట్రాకు బయట ఉన్నారు, అయినా మనం ఆవిడ చుట్టూ కుడికే తిరుగుతున్నాం. ఎవరు గీశారిది?”

“ఇంకెవరు గీస్తారే?” అన్నాను. గార్డు బావ దగ్గాడు.

ఇంత చిన్న ఉపాయం ఇంతమందిలో ఎవరికీ తట్టలేదా అని మీరడగొచ్చు. తట్టలేదు. అందరం ఎడమా కుడా అని కొట్టుకుంటున్నాం. ట్రాకు తన కడుపు కాస్త లోపలికి పీల్చుకుంటే చాలని మెలకువలో ఉన్నవాళ్ళెవరికీ తోచలేదు.

ఇక మిగిలింది అప్ప. ఆవిడని ఒప్పించే పని నేను నెత్తిన వేసుకున్నాను. ఊరి వాళ్ళందరి ముందు నా కల చెప్పాను. అప్ప చివరి దాకా విని, తాపీగా అడిగింది.

“కల్లోకి అమ్మ ఏ సీర కట్టుకోని వచ్చింది?”

“ఎర్ర చీర అప్పా. జరీ అంచు.”

“అబద్దం. ఆవిడకి మా అత్త రోజుల నుంచీ పసుపు సీరే కడతన్నాం. ఎర్రది ఎప్పుడూ కట్టనేదు.”

జనం నవ్వారు. అప్ప నవ్వలేదు. వంగి, సున్నం గీత పక్కన నా అడుగుజాడలు చూసింది. రబ్బరు చెప్పుల గుర్తులు, తాగినవాడి నడకలా వంకర టింకరగా. వాటి వెంబడే నడిచి, రాయి వెనకనుంచి చుట్టి, ఇవతలికొచ్చి నిలబడింది.

“నీ కల అబద్దం గానీ, నీ కాళ్ళు అబద్దమాడనేదు,” అంది. “మీయమ్మ పెంపకం ఎక్కడికి పోతాది?”

వెనకనుంచి ఎవరో, “మూడు పక్కలే తిరుగుతన్నారు గదా అప్పా, నాలుగో పక్క?” అన్నారు.

“నాలుగో పక్క ఊరు ఉన్నాది. అమ్మ ఊరిని సూడొద్దేటి? ఆ పక్క కూడా బళ్ళు తిరిగితే మనం దీపం పెట్టడానికి ఎలగెల్తాం, ఎగిరా?” అని కసిరింది అప్ప. దాంతో సరి. ఆ వంపుకి ‘అమ్మ వంపు’ అని పేరు కూడా ఆవిడే పెట్టింది.

రేసు రోజు గార్డు బావకి అమ్మ వంపు దగ్గరే డ్యూటీ పడింది. గుంపుగా జనం. ఆ పసుపు ఖద్దరు జెండా చూసి, ఊరి ఆడవాళ్ళు అమ్మవారి కోసమే తెచ్చాడనుకుని, అతనికి పానకం ఇచ్చారు. బాప్టిస్టు గార్డు బావ పానకం తాగి, “ప్రైజ్ ద లార్డ్” అన్నాడు. వాళ్ళకీ అది బాగానే వినిపించింది.

నేను రేసు మొదలయ్యే, ముగిసే గీత దగ్గర నిలబడ్డాను. అక్కణ్ణుంచి అమ్మ వంపు దూరంగా, దుమ్ములో, కాస్త ఊగుతున్నట్టు కనబడుతుంది. ఎడమ వంపులకే అలవాటు పడ్డ కుర్రాళ్ళు ఆ ఒక్క పొడుగాటి కుడి వంపు దగ్గర తడబడ్డారు. ఆ పిల్ల తడబడలేదు. ముందు ఎక్కడో వెనక ఉంది. చుట్టు చుట్టుకీ ఒక్కొక్కణ్ణి దాటుకుంటూ వచ్చింది. ఆఖరి చుట్టులోకి నా ముందునుంచి పోయేటప్పుడు నాలుగో స్థానం. మూడో వాడు ఆమెకి చెయ్యి చాపితే అందేంత ముందు ఉన్నాడు. వాడు అమ్మ వంపు దగ్గర ప్రతిసారీ వెడల్పుగా పోతున్నాడు. లోపల దారి ఖాళీ. అక్కడ దాటుతుంది. ఇంక తమిళనాడే.

వాళ్ళిద్దరూ వంపు దగ్గరికి చేరకముందే, వాళ్ళకన్నా బాగా వెనకపడి ఇంకా ముందటి చుట్టే తిరుగుతున్న కుర్రాడొకడు సరిగ్గా ఆ వంపులోనే జారి, బండితో సహా బయటి అంచు వైపు దారికడ్డంగా పడ్డాడు. దుమ్ము లేచింది. ఆ దుమ్ములోంచి, నెమ్మదిగా, నిటారుగా, పసుపు జెండా లేచింది.

అంత దూరం నుంచి నాకు గార్డు బావ మొహం కనబడలేదు. చెయ్యి కనబడింది. గూడ్సు బండి చివరి పెట్టెలోంచి చాపిన చెయ్యిలానే ఉంది.

మూడో వాడు నెమ్మదించాడు. లోపల దారి ఇంకా ఖాళీగానే ఉంది. ఆ దుమ్ములో దాటితే తప్పు పట్టాల్సినవాడు ఒక్క తండ్రే. ఆమె దాటలేదు. జెండా కింద నుంచి, మూడో వాడి వెనకే, బుద్ధిగా, గేదెల మంద వెనక పిల్లలా వచ్చింది. జెండా దాటాక మిగిలిన దారి అతణ్ణి పట్టుకోవడానికి చాలలేదు.

ఇప్పటికీ మా వీధిలో ఆమె మొదటి స్థానంలో వచ్చిందనే చెబుతాను. రాలేదు. నాలుగు.

ఆమె హెల్మెట్టు తీసి బండి మీదే కూర్చుంది. జనం గెలిచినవాళ్ళ చుట్టూ ఉన్నారు. గార్డు బావ జెండాలు చుట్టి చంకలో పెట్టుకుని, మైదానం అడ్డంగా నడిచి వచ్చాడు. చాలాసేపు పట్టింది. ఆ ఎర్రటి వెలుగులో అతను నడుస్తున్నాడో, మైదానమే అతని కింద వెనక్కి జరుగుతోందో తెలియలేదు.

“జెండా ఎత్తావు నాన్నా,” అంది.

“ఎత్తాను.”

“దాటేసేదాన్ని.”

“తెల్సు. నాను సూస్తన్నాను గదా.”

ఆమె బండి తాళం తీసి తండ్రి చేతిలో పెట్టింది. అమ్మెయ్యమని. మాట మాటే.

గార్డు బావ తాళం వైపు చూశాడు. “అమ్మా, నా సర్వీసులో ఎర్ర జెండా సూపించి, అవతల డ్రైవరు ఆగుతాడో ఆగడో అని గుండె సేతబట్టుకోని నిలబడ్డ రోజులున్నాయి. నువ్వు బండెక్కితే నాకు ప్రతీ రోజూ అదే. ఇది ఆగదు, దీనికి ఆగడం తెల్దు అని బయం.” తాళం అరచేతిలో తిప్పాడు. “ఇయాల జెండా ఎత్తినాను. కావాల్సిందంతా ఎదురుగా ఉన్నాది, అయినా ఆగినావు. ఇంక నాకు బయం నేదు. ఎల్లు.”

తాళం తిరిగి ఆమె చేతిలో పెట్టాడు.

“సిగ్నలు మార్చనన్నావు కదా,” అంది ఆమె.

“మార్సనేదు. పసుపు జెండా తరవాత పచ్చ జెండాయే సూపిస్తారు. అది రూలు,” అని, చంకలోంచి పచ్చ జెండా తీసి, నవ్వకుండా, రెండుసార్లు ఊపాడు.

నేను ఏడవలేదని అందరికీ చెప్పాను.

ఆ తరవాత ఇంకొన్ని రేసులు జరిగాయి. పెద్ద తుఫాను ఒకటి వచ్చి తాటిచెట్లు కూల్చింది, మిల్లు రేకులు గెడ్డ అవతలికి ఎగిరిపోయాయి. చిన్న షావుకారు వ్యాపారం మార్చుకున్నాడు. మైదానం జీడిమొక్కలు పెట్టేవాళ్ళ చేతికి పోయింది. గీత, కోడిగుడ్డు, గుమ్మడిపాదు, అన్నీ నాగలి కిందకి పోయాయి. ఒక్క అమ్మ వంపు మిగిలింది. ఆ లాడం మీదుగానే ఇప్పుడు ఊరి ఆడవాళ్ళు పండక్కి ఘటాలు నెత్తిన పెట్టుకుని అమ్మవారి వెనకనుంచి తిరిగి వస్తారు. అదెప్పటి నుంచో ఉన్న ఆచారమని పిల్లలకి చెబుతున్నారు. నేను సరిదిద్దలేదు. ఆ పిల్ల ఇప్పుడు తానే బళ్ళు నడపడం నేర్పుతోంది. కొత్తవాళ్ళకి మొదటి రోజు బండి ఇవ్వదట. జెండాలు చూపిస్తుందట.

మొన్నామధ్య గార్డు బావా నేనూ అటు వెళ్ళాం. మధ్యాహ్నం. అదే ఎండ, జీడిపూత వాసన. నాకు చిలిపి బుద్ధి పుట్టింది. “సూడు బావా, మళ్ళీ సూపిస్తాను,” అని కళ్ళు మూసుకుని, చేతిలో డబ్బా ఉన్నట్టే ఊపుకుంటూ, పాత అంచు వెంబడి నడవడం మొదలుపెట్టాను. మెలకువగానే ఉన్నాను. గాజుల చెయ్యి వస్తుందని జబ్బ కాస్త వదులుగా పెట్టుకుని నడిచాను. రాలేదు. తిన్నగా పోయి జీడిమొక్కని తన్నుకుని బోర్లా పడ్డాను.

గార్డు బావ గొడుగు మూసి, దాని పిడి నాకు అందించాడు.

“అది నిద్దర్లోనే వస్తాది బావా,” అన్నాడు. “లే. రాయి నీ ఎడమ పక్కనున్నాది. అప్ప సూసిందంటే వీపు మీద పడతాది.”

లేచి, దుమ్ము దులుపుకుని, వెనక్కి వెళ్ళి, చుట్టూ తిరిగి వచ్చాను.